తెల్లవారుజామున మూడింటికి గుండె దడ, రిపోర్టులో మాత్రం కార్టిసాల్ నార్మల్: ఇదంతా నా భ్రమేనా?

ప్రశ్న: నా వయసు 43. అకౌంట్స్‌లో ఉద్యోగం. అమ్మకు డిమెన్షియా (మతిమరపు జబ్బు). రెండేళ్ళుగా మా దగ్గరే ఉంటోంది. రాత్రిళ్ళు లేచి తలుపు గడియ తీసి బయటికి వెళ్ళబోతుంది, అందుకని నేను ఆమె గదిలోనే పడుకుంటాను. ఆమె కదలకుండా నిద్రపోయిన రోజు కూడా నాకు మూడింటికల్లా మెలకువ వచ్చేస్తోంది. గుండె దడదడలాడుతుంది, అరచేతులకు చెమట పడుతుంది, ఆ తర్వాత కంటి మీద కునుకు ఉండదు. ఏడాదిలో ఆరు కిలోలు పెరిగాను, అదంతా పొట్ట దగ్గరే. దువ్వెన పెడితే జుట్టు కుచ్చుగా వస్తోంది. నెలసరి తప్పుతోంది. నెల తిరక్కుండా జలుబు. ఈమధ్య చేయించిన టెస్టుల్లో మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 5.9, బీపీ 138/88 వచ్చాయి. ఎక్కడో చదివి ఉదయం 8 గంటలకు కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ టెస్టు కూడా చేయించుకున్నాను. 16 వచ్చింది, నార్మలే అన్నారు. డాక్టరుగారు "టెన్షన్ పడకండి" అని పంపించేశారు. మావారు "అంతా నీ మనసులోనే ఉంది" అంటారు. "అడ్రినల్ ఫటీగ్" అనే జబ్బు గురించి, కార్టిసాల్ తగ్గించే క్యాప్సూల్స్ గురించి చదివాను. వాడవచ్చా? తమ్ముడు వేరే ఊళ్ళో ఉంటాడు, ఆదివారం ఆదివారం ఫోన్ చేసి అమ్మ ఎలా ఉందని అడుగుతాడు. నిజంగా నా ఒంట్లో ఏదైనా జరుగుతోందా, లేక నా భ్రమా?

జవాబు: చివర అడిగినదానికి ముందు చెబుతాను. మీది భ్రమ కాదు. మీరు రాసినవన్నీ ఒంట్లో జరుగుతున్నవే. దువ్వెనకు వచ్చే జుట్టు భ్రమ కాదు, 5.9 అనే అంకె భ్రమ కాదు. భయం పుట్టేది మనసులోనే, కానీ అది అక్కడ ఆగదు. సెకన్లలో రక్తంలోకి దిగుతుంది, గుండెకు, కాలేయానికి, పేగులకు, చర్మానికి చేరుతుంది. మీవారు చెడ్డ ఉద్దేశంతో అని ఉండరు. ఆ దారి ఆయనకు కనబడదు, అంతే. మీకు కనబడేలా చెప్పడానికి ప్రయత్నిస్తాను, వీలైతే ఇది ఆయనతో కూడా చదివించండి.

అమ్మ నిజంగానే లేచిన రాత్రి ఒకటి గుర్తు తెచ్చుకోండి. మంచి నిద్రలో ఉన్నారు. గడియ "టక్"మంది. అది గడియ చప్పుడని మీకు పూర్తిగా తెలిసేలోపే మీరు మంచం దిగి నిలబడి ఉంటారు. ఆ చప్పుడు అందగానే మెదడు లోపలి భాగం నాడుల గుండా కబురు పంపేసింది. రెండు మూత్రపిండాల మీద టోపీల్లా ఒక్కో అడ్రినల్ గ్రంథి కూర్చుని ఉంటుంది. ఒక్కొక్కటి నాలుగైదు గ్రాములు తూగుతుంది, అంతే. దాని లోపలి భాగం ఆ కబురు అందగానే అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతుంది. గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి గొట్టాలు వెడల్పవుతాయి, కంటిపాపలు విచ్చుకుంటాయి. కాలేయం దాచిపెట్టుకున్న చక్కెరను బయటికి తోస్తుంది. చర్మం నుంచి, పొట్ట నుంచి రక్తం కండరాల వైపు మళ్ళుతుంది. చేతులు చల్లబడేది, నోరు ఎండిపోయేది, కడుపులో తిప్పినట్టు ఉండేది అందుకే. పోరాడటానికో పారిపోవడానికో ఒళ్ళు ఇలా సిద్ధమవుతుందని హార్వర్డ్‌లో పనిచేసిన వాల్టర్ కానన్ 1915లోనే రాశారు. ఆయన చూసింది ఎక్కువగా జంతువులను. గడియ చప్పుడుకు లేచిన కూతురి ఒంట్లో జరిగేదీ అదే.

అడ్రినలిన్ ఎంత త్వరగా వస్తుందో అంత త్వరగా పోతుంది. రక్తంలో ఉన్నది సగానికి తగ్గడానికి రెండు మూడు నిమిషాలు చాలు. దాని వెనకాల కాస్త నిదానంగా ఇంకోటి బయల్దేరుతుంది. మెదడులోని హైపోథాలమస్ దాని కిందే వేలాడే పిట్యూటరీ గ్రంథికి చెబుతుంది. బఠాణీ గింజంత ఉండే ఆ పిట్యూటరీ రక్తం ద్వారా అడ్రినల్ గ్రంథి పై పొరకు చెబుతుంది. ఆ పై పొర తయారుచేసేది కార్టిసాల్. ఇది తారస్థాయికి చేరడానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది, తగ్గడానికి గంటలు పడుతుంది. అమ్మను మళ్ళీ పడుకోబెట్టి, దుప్పటి కప్పి, మీరూ పడుకుని అరగంటయినా ఒళ్ళు ఇంకా "ఆన్"లోనే ఎందుకుంటుందో ఇప్పుడు అర్థమైంది కదా. ప్రమాదం లేదని మీకు తెలుసు. ఆ సంగతి ఇంకా కార్టిసాల్‌దాకా చేరలేదు.

కార్టిసాల్ అనగానే విషం పేరు విన్నట్టు భయపడుతున్నారు జనం. నాకు అది చాలా బాధగా ఉంటుంది. అది లేకపోతే మనం బతకం. అడ్రినల్ గ్రంథులు దెబ్బతిని కార్టిసాల్ తయారు కాని జబ్బును థామస్ అడిసన్ అనే ఇంగ్లిష్ వైద్యుడు 1855లో వివరించారు. చికిత్స లేని ఆ రోజుల్లో అది ప్రాణం తీసేది. పొద్దున్నే మనల్ని మంచం మీంచి లేపేది కూడా కార్టిసాలే. అర్ధరాత్రి ప్రాంతంలో అతి తక్కువగా ఉండి, రాత్రి రెండో సగంలో పెరగడం మొదలుపెట్టి, నిద్ర లేచాక అరగంట ముప్పావుగంటకు పతాక స్థాయికి వెళుతుంది, తర్వాత రోజంతా దిగుతూ వస్తుంది. మీ మూడు గంటల మెలకువకు సగం సమాధానం ఇక్కడుంది. ఆ వేళకు గాఢనిద్ర భాగం చాలావరకు అయిపోయి ఉంటుంది, నిద్ర పలచబడుతుంది, కార్టిసాల్ పైకి ఎక్కడం మొదలవుతుంది. మామూలు మనిషి ఆ సమయంలో అటు తిరిగి పడుకుంటాడు. చెవి ఒగ్గి పడుకున్న మనిషి లేచి కూర్చుంటుంది.

మీరు రాసినదాంట్లో నేను మళ్ళీ మళ్ళీ చదివిన వాక్యం, అమ్మ కదలని రోజు కూడా మెలకువ వస్తోందన్నది. అసలు సంగతంతా దాంట్లోనే ఉంది. మా నాన్నగారు నాలుగు నెలలు ఆస్పత్రిలో ఉన్నారు. రాత్రి ఫోన్ మోగితే అది ఆస్పత్రి నుంచేనని గుండె జారిపోయేది. ఆయన ఇంటికొచ్చి, కోలుకుని, నా ఎదురుగా కూర్చుని పేపర్ చదువుకుంటున్న రోజుల్లో కూడా ఆ రింగ్‌టోన్ వినబడితే నా పొట్ట బిగుసుకుపోయేది. చివరికి రింగ్‌టోన్ మార్చేశాను. వైద్యుణ్ణే అయినా, ఏం జరుగుతోందో తెలిసినా, ఒళ్ళు నా మాట వినలేదు. ఎందుకంటే మెదడు ప్రమాదం వచ్చాక మాత్రమే ఈ హార్మోన్లను వదలదు. వస్తుందేమోనని ఎదురుచూస్తూ కూడా వదులుతుంది. మీ గడియ రాత్రికి ఒక్కసారే చప్పుడు చేస్తుంది, కొన్ని రాత్రులు అసలు చేయదు. మీ చెవి మాత్రం రాత్రంతా ఎదురుచూస్తూనే ఉంటుంది.

మామూలుగా ఈ ఏర్పాటుకు దానికదే ఆగిపోయే పద్ధతి ఉంది. కార్టిసాల్ తిరిగి మెదడుకే చేరి "ఇక చాలు" అని చెబుతుంది, మెదడు సరఫరా ఆపుతుంది. పులి కనబడింది, పరిగెత్తాం, పులి పోయింది, ఆగిపోయింది. రెండేళ్ళపాటు రోజూ రాత్రి పులి వాసన తగులుతూంటే ఆ "చాలు" అనే మాట మెదడుకు సరిగ్గా వినబడటం మానేస్తుంది. అప్పటిదాకా ప్రాణం కాపాడిన మార్పులే ఒక్కొక్కటిగా నష్టం చేయడం మొదలుపెడతాయి. అవసరానికి తీసుకున్న అప్పు మంచిదే, తీర్చకుండా మళ్ళీ మళ్ళీ తీసుకుంటే వడ్డీ పెరిగినట్టు. అమెరికా శాస్త్రవేత్త బ్రూస్ మెక్‌యూవెన్ ఈ అరుగుదలకు 1993లో ఒక పేరు పెట్టారు, అలోస్టాటిక్ లోడ్ అని. సర్దుకుపోతూ సర్దుకుపోతూ ఒంటి మీద పేరుకునే భారం అని దాని అర్థం.

ఇప్పుడు మీ లక్షణాలకు వస్తాను. చక్కెర సంగతి ముందు చూద్దాం. కార్టిసాల్ పనే రక్తంలో చక్కెర తగ్గకుండా చూడటం. కాలేయంతో కొత్తగా గ్లూకోజ్ తయారు చేయిస్తుంది, కండరాలు ఇన్సులిన్ మాటను పట్టించుకోకుండా చేస్తుంది. పరిగెత్తేవాడికి అది వరం. మంచం అంచున కూర్చుని చీకట్లోకి చూసే మనిషికి ఆ చక్కెరతో పనేముంది? ఖర్చు కాని ఇంధనం మళ్ళీ నిల్వలోకి వెళ్ళాలి. పొట్ట లోపల, పేగుల చుట్టూ ఉండే కొవ్వుకు కార్టిసాల్ మాట ఎక్కువ వినబడుతుంది, అందుకని నిల్వ అక్కడ పేరుకుంటుంది. దీనికి తోడు నిద్ర తక్కువైతే మర్నాడు ఆకలి పెరుగుతుంది, తీపి మీదికి, కొవ్వు మీదికి మనసు పోతుంది. మీరు పెరిగిన ఆరు కిలోలు తిండి మీద అదుపు లేక వచ్చినవని ఎవరైనా అంటే నమ్మకండి. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే మధుమేహానికి ముందు దశ అంటారు. మీరు ఆ గుమ్మంలో అడుగుపెట్టారు. ఇక్కడి నుంచి వెనక్కి రావడం సాధ్యమే, కానీ అది పథ్యంతోనే అయ్యే పని కాదు. మీ రాత్రులు మారాలి.

జలుబుల విషయంలో ఒక ప్రయోగం గురించి చెప్పాలి. 1991లో షెల్డన్ కోహెన్ బృందం ఆరోగ్యంగా ఉన్న దాదాపు 400 మందికి జలుబు వైరస్‌లను ముక్కులో చుక్కలుగా వేసి, విడిగా ఉంచి గమనించింది. జీవితంలో ఒత్తిడి తక్కువ ఉన్నవారిలో 27 శాతం మందికి జలుబు చేస్తే, బాగా ఎక్కువ ఉన్నవారిలో 47 శాతం మందికి చేసింది. వైరస్ అదే, చుక్కలు అవే.

ఇంకొక ప్రయోగం అచ్చంగా మీలాంటి వాళ్ళ మీదే జరిగింది. 1995లో అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో జానిస్ కీకోల్ట్-గ్లేజర్ బృందం డిమెన్షియా ఉన్న బంధువును చూసుకుంటున్న 13 మంది స్త్రీలను, అదే వయసులో అలాంటి బాధ్యత లేని ఇంకో 13 మందిని ఎంచుకుంది. అందరికీ ముంజేతి మీద మూడున్నర మిల్లీమీటర్ల చిన్న గాయం చేసి, అది మానడానికి ఎన్ని రోజులు పడుతుందో కొలిచారు. బాధ్యత లేనివారికి సగటున 39.3 రోజులు పట్టింది. అమ్మనో నాన్ననో భర్తనో చూసుకుంటున్నవారికి 48.7 రోజులు, అంటే తొమ్మిది రోజులకు పైగా ఆలస్యం. పెన్సిల్ మొనంత గాయం అది! ఆ స్త్రీలలో ఎవరినైనా అడిగితే "నాకేం, బాగానే ఉన్నాను" అనే అనేవారేమో. వాళ్ళ చర్మం మాత్రం వేరే మాట చెప్పింది. మీవారు చదవాలని నేను కోరుకునే పేరా ఇదే.

జుట్టు గురించి మరీ దిగులు పడకండి. ఒత్తిడి వల్ల చాలా వెంట్రుకలు ఒకేసారి విశ్రాంతి దశకు వెళ్ళి, రెండు మూడు నెలల తర్వాత రాలతాయి. కుదుళ్ళు చావవు, కారణం తగ్గాక మళ్ళీ మొలుస్తాయి. నెలసరి సంగతి కూడా ఇలాంటిదే. గండం గడిచేదాకా పునరుత్పత్తి పని వాయిదా వేసుకోమని మెదడు అండాశయాలకు పంపే కబుర్లను తగ్గిస్తుంది. మీకు 43 కాబట్టి మెనోపాజ్ ముందు మార్పులు కూడా కలిసి ఉండవచ్చు. అవీ రాత్రి మెలకువకు, దడకు, చెమటకు కారణమవుతాయి.

ఇక్కడ కాస్త ఆగాలి. అన్నింటినీ టెన్షన్ ఖాతాలో వేయడం కూడా తప్పే. 1936లో మాంట్రియల్‌లో హాన్స్ సెల్యే అనే పరిశోధకుడు ఎలుకలను చలికి, గాయాలకు, అతి శ్రమకు గురిచేస్తే, ఏ బాధ పెట్టినా అడ్రినల్ గ్రంథులు ఉబ్బి, కడుపులో పుండ్లు పడ్డాయి. ఒత్తిడి గురించి మనం మాట్లాడుకునే తీరు చాలావరకు ఆయన దగ్గర మొదలైనదే. దాంతో కడుపులో పుండంటే చాలు టెన్షనే అని దశాబ్దాలపాటు రోగులను పంపించేశారు. 1982లో ఆస్ట్రేలియాలో బారీ మార్షల్, రాబిన్ వారెన్ చాలా పుండ్లకు కారణం ఒక బ్యాక్టీరియా అని కనిపెట్టారు. 2005లో వాళ్ళకు నోబెల్ వచ్చింది. అప్పటిదాకా యాంటీబయాటిక్‌తో నయమయ్యే జబ్బుకు "ప్రశాంతంగా ఉండండి" అనే మందు రాస్తూ వచ్చాం. మీ విషయంలో ఆ తప్పు జరగకూడదు. దడ, జుట్టు రాలడం, బరువు, నెలసరి, ఇవన్నీ థైరాయిడ్ సమస్యలోనూ ఉంటాయి. రక్తం తక్కువైనా దడ వస్తుంది, జుట్టు రాలుతుంది. టీఎస్‌హెచ్, హిమోగ్లోబిన్, ఫెరిటిన్ చూపించుకోండి. మొదటిది థైరాయిడ్ పరీక్ష, చివరిది ఒంట్లో ఇనుము నిల్వ చెప్పేది. గురక పెడుతున్నారా, ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తున్నారా అని మీవారిని అడగండి. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు కూడా రాత్రి అడ్రినలిన్‌ను పెంచుతుంది, బీపీని పెంచుతుంది. ఒక ఈసీజీ తీయించుకోండి.

కార్టిసాల్ రిపోర్టుకు వస్తే, 16 అంటే నార్మలే, ల్యాబ్‌వాళ్ళు తప్పు చెప్పలేదు. కానీ ఆ టెస్టు ఉన్నది వేరే పనికి. కార్టిసాల్ అసలే తయారు కాని అడిసన్ జబ్బును పట్టుకోవడానికి ఉదయం 8 గంటల టెస్టు పనికొస్తుంది. గ్రంథిలో గడ్డ వల్ల అదుపు లేకుండా తయారయ్యే కుషింగ్స్ జబ్బు అనుమానం ఉంటే అర్ధరాత్రి లాలాజలంలోనో, 24 గంటల మూత్రంలోనో కార్టిసాల్ చూస్తారు, లేదా రాత్రి ఒక డెక్సామెథసోన్ (స్టెరాయిడ్) మాత్ర ఇచ్చి మర్నాడు పొద్దున చూస్తారు. రోజూ మోసే భారాన్ని కొలిచే రక్తపరీక్ష ఏదీ లేదు. చాలామందిలో మొత్తం కార్టిసాల్ పెద్దగా పెరగదు. పొద్దున ఎక్కువ, రాత్రి తక్కువ అనే ఆ ఏటవాలు చదునైపోతుంది. పైగా కోహెన్ బృందమే 2012లో చూపించినట్టు, ఒత్తిడి ఎక్కువకాలం సాగితే రోగనిరోధక కణాలకు కార్టిసాల్ మాట వినబడటం తగ్గిపోతుంది. రక్తంలో కార్టిసాల్ సరిపడా ఉన్నా ఒంట్లో వాపును అదుపు చేసే పని జరగదు. వినేవాళ్ళకు చెవుడు వస్తే, చెప్పేవాళ్ళ గొంతు బాగానే ఉందన్న రిపోర్టుతో ఏం తెలుస్తుంది?

కుషింగ్స్ లక్షణాలు మీ ఉత్తరంలో నాకు కనబడలేదు. అయినా ఒకసారి చూసుకోండి. పొట్ట మీద వేలెడు వెడల్పున ఊదారంగు చారలు, చిన్నగా తగిలినా కమిలిపోవడం, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవలేకపోవడం, ముఖం గుండ్రంగా ఎర్రగా మారడం. ఇవి ఉంటే వెంటనే ఎండోక్రినాలజిస్ట్ (హార్మోన్ల డాక్టరు) దగ్గరికి వెళ్ళండి. ఉబ్బసానికో, కీళ్ళకో, చర్మానికో స్టెరాయిడ్ మాత్రలు, ఇంజెక్షన్లు, క్రీములు వాడుతున్నట్టయితే డాక్టరుకు తప్పక చెప్పండి. చాలాకాలంగా వాడుతున్న స్టెరాయిడ్‌ను సొంతంగా ఒక్కసారిగా ఆపకండి, అది ప్రమాదం.

అడ్రినల్ ఫటీగ్ అనే జబ్బు లేదు. గ్రంథి అలసిపోయి కార్టిసాల్ తయారీ ఆపేసిందనేది దాని వెనుక ఉన్న ఊహ. దానికి ఆధారం లేదని ఎండోక్రినాలజీ వైద్యుల సంఘాలు స్పష్టంగా చెప్పాయి. మీ అలసట నిజం, దానికి పెట్టిన పేరే తప్పు. క్యాప్సూల్స్ వాడవద్దని గట్టిగా చెబుతున్నాను. అమెరికాలో "అడ్రినల్ సపోర్ట్" అని అమ్మే 12 రకాలను పరీక్షించి 2018లో ఫలితాలు ప్రచురించారు. పన్నెండింటిలోనూ థైరాయిడ్ హార్మోన్ దొరికింది, ఏడింటిలో కనీసం ఒక స్టెరాయిడ్ దొరికింది. ఇప్పటికే దడతో లేస్తున్న మీరు తెలియకుండా థైరాయిడ్ హార్మోన్ మింగితే ఏమవుతుందో ఆలోచించండి.

మరి ఏం చేయాలి? "టెన్షన్ పడకండి" అనే సలహా నేను ఇవ్వను. మీ టెన్షన్‌కు కారణం ఉంది, అది తలుపు దగ్గర నిలబడి ఉంటుంది. అక్కడి నుంచే మొదలుపెడదాం. తలుపు తెరిస్తే మోగే చిన్న సెన్సర్ బెల్ పెట్టించండి, దాని శబ్దం మీ మంచం దగ్గర వినబడేలా. అమ్మను లోపల పెట్టి తాళం వేయడం మాత్రం వద్దు, నిప్పంటుకున్నప్పుడు తాళమే ప్రాణాలు తీస్తుంది. బెల్ మోగుతుందన్న నమ్మకం కుదరడానికి మీ చెవికి రెండు మూడు వారాలు పడుతుంది. పట్టనివ్వండి.

అంతకన్నా ముఖ్యం, వారంలో రెండు రాత్రులు ఆ గదిలో వేరే మనిషి పడుకోవాలి. మీవారు కావచ్చు, జీతానికి పెట్టుకున్న సహాయకురాలు కావచ్చు, తమ్ముడు వచ్చినప్పుడు తమ్ముడు కావచ్చు. ఆ రెండు రాత్రులు మీరు వేరే గదిలో, తలుపు వేసుకుని పడుకోవాలి. మొదటి రాత్రి నిద్ర పట్టదు, మూడింటికి మళ్ళీ లేస్తారు. ఫర్వాలేదు. "ఈ రాత్రి నా వంతు కాదు" అన్న సంగతి ఒంటికి అర్థం కావడానికి కొన్ని వారాలు పడుతుంది. నేను చూసిన కుటుంబాల్లో ఈ ఒక్క మార్పు చేసినంత మేలు ఏ మాత్రా చేయలేదు.

మెలకువ వచ్చినప్పుడు గడియారం చూడకండి, ఫోన్ తీయకండి. ముక్కుతో నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ నెమ్మదిగా వదలండి, నిమిషానికి ఆరు శ్వాసలు వచ్చేలా. ఇది ఏదో మనసుకు చెప్పుకునే ఊరట కాదు. ఊపిరి వదిలేటప్పుడు మెదడు నుంచి గుండెకు వచ్చే వేగస్ నాడి గుండెకు కళ్ళెం వేస్తుంది. వేలిని మణికట్టు మీద పెట్టుకుని చూడండి, ఊపిరి వదిలేటప్పుడు నాడి నెమ్మదించడం మీకే తెలుస్తుంది. పదిహేను ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే లేచి, మసక వెలుతురులో కూర్చుని, నిద్ర తూగాక మళ్ళీ పడుకోండి.

పగటిపూట రోజుకు అరగంట చురుగ్గా నడవండి. ఒళ్ళు పరుగు కోసం చక్కెర, కొవ్వు బయటికి తీసింది కదా, దానికి ఆ పరుగు ఇచ్చేయాలి. ఒకేసారి వీలు కాకపోతే పది నిమిషాల చొప్పున మూడుసార్లు. కాఫీ మధ్యాహ్నం పన్నెండు తర్వాత వద్దు. తాగిన కెఫీన్‌లో సగం పోవడానికే ఐదు గంటలు పడుతుంది.

బీపీని ఇంట్లోనే ఒక వారం చూడండి. ఐదు నిమిషాలు కూర్చుని, కాళ్ళు నేలకు ఆనించి, ఉదయం రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు. మొదటి రోజు అంకెలు వదిలేసి మిగతావాటి సగటు తీయండి. 135/85 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే ఆ కాగితం డాక్టరుకు చూపించండి. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. 52 దేశాల్లో గుండెపోటు వచ్చినవారిని, రానివారిని పోల్చి 2004లో ప్రచురించిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో పొగతాగడం, బీపీ, మధుమేహంతోపాటు మానసిక ఒత్తిడి కూడా ముఖ్యమైన కారణాల్లో నిలిచింది. హెచ్‌బీఏ1సీ మూడు నెలల తర్వాత మళ్ళీ చేయించండి.

ఛాతీలో నొప్పి, నాలుగు మెట్లెక్కితే ఆయాసం, కళ్ళు తిరిగి పడిపోవడం, వీటిలో ఏది వచ్చినా ఇది టెన్షనేలే అనుకోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి. బతకడం దండగ అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రోజే ఎవరికైనా చెప్పి, మానసిక వైద్యుల దగ్గరికి వెళ్ళండి. అమ్మ మీద విసుగు వచ్చిందని, ఒకసారి గట్టిగా అరిచానని మీరు రాయలేదు. రాయకపోయినా అది జరిగి ఉంటుందని నాకు తెలుసు. నిద్ర లేని మెదడు అలాగే చేస్తుంది.

ఇక తమ్ముడు. ఈ ఆదివారం ఆయన ఫోన్ చేసి అమ్మ ఎలా ఉందని అడిగినప్పుడు "బాగానే ఉంది" అని పెట్టేయకండి. ఇలా చెప్పండి: "అమ్మ అలాగే ఉంది. నేను రెండేళ్ళుగా ఒక్క రాత్రి కూడా సరిగ్గా నిద్రపోలేదు. నా షుగర్, బీపీ పెరుగుతున్నాయి. వారానికి రెండు రాత్రులు అమ్మ దగ్గర పడుకోవడానికి మనిషిని పెడుతున్నాను, ఆ ఖర్చు నువ్వు పెట్టుకో. మూడు నెలలకోసారి వారం రోజులు సెలవు పెట్టి నువ్వే వచ్చి ఉండు. మొదటిసారి ఎప్పుడు వస్తావో తేదీ ఇప్పుడే చెప్పు." ఆయన చూసి చెబుతానంటే, ఫోన్ పెట్టేయకుండా క్యాలెండర్ తీయమనండి.